ఖాళీ హార్డ్ డిస్కు దొరకని నెల

మా స్టూడియో ఓనరు ఉదయ్ భాస్కర్ సారు మంచివాడు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ నెలలో ఆయన్ని నేను అనని మాట లేదు. సగం మనసులో అనుకున్నాను, సగం మొహం మీదే అన్నాను. తప్పులో సగం నాదేనని తెలుసు కాబట్టి ఇంకాస్త గట్టిగా అరిచాను. నాకా అలవాటు చిన్నప్పటినుంచీ ఉంది. మా అమ్మ దానికి నోటి దురద అని పేరు పెట్టింది.

భద్రాచలం బస్టాండు నుంచి బ్రిడ్జి వైపు వెళ్ళే రోడ్డులో మా స్టూడియో. అందులో నేను మిక్సింగు చేస్తాను. కెమెరామన్ భద్రు పెళ్ళిలో తీసుకొచ్చిన టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం, పనికిరాని ముక్కలు కోసెయ్యడం, పాటలు పెట్టడం, పెళ్ళికూతురి మొహం చుట్టూ పూలరేకులు ఎగరేయడం, చివరికి డీవీడీ రాసి ఇవ్వడం. కంప్యూటర్లోకి ఎక్కిందంటే ఆ టేపు పని అయిపోయినట్టే, మళ్ళీ ఇంకో పెళ్ళికి అదే టేపు పోతుంది. అంటే డీవీడీ తయారయ్యేదాకా పెళ్ళి మొత్తం ఉండేది ఒక్క హార్డ్ డిస్కులోనే. రైతుకి గోదాము ఎలాగో మాకు అది అలాగ. మాకున్నవి రెండే రెండు.

చావులు కూడా తీస్తాం. మా క్రైస్తవుల ఇళ్ళల్లో భూస్థాపన వీడియో తీయించడం మామూలే. రాలేకపోయినవాళ్ళు తర్వాత చూసుకుంటారు. ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక రోజున ఇంటిల్లిపాదీ కూర్చుని చూస్తారు. ఏడుస్తారు, మధ్యలో ఎవరో పిల్లాణ్ణి చూసి "అరె, అప్పుడు వీడు గింతే ఉండె" అని నవ్వుతారు కూడా. ఉదయ్ భాస్కర్ సారు వాళ్ళు సత్తుపల్లి వైపు రైతులు, తాతల కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి భూములు కొన్నవాళ్ళు. చావుని వీడియో తీయించుకోవడం ఆయనకి ఎప్పుడూ మింగుడుపడలేదు. ఆర్డరు కాదనలేడు, మనసు ఒప్పుకోదు.

"పెళ్ళిళ్ళుండే మిషన్లో చావు ఉండకూడదమ్మా జెస్సీ. మూడు రోజుల్లో డీవీడీ ఇచ్చేసి తీసెయ్" అనేవాడు.

టేపు దగ్గర కూడా అదే పట్టింపు. చావులో తిరిగిన టేపు పెళ్ళికి వాడడు. చావులకని ఒక పాత టేపు విడిగా పెట్టి, దాని మీద నల్ల స్కెచ్‌పెన్నుతో అడ్డగీత గీశాడు. ఒకరి భూస్థాపన మీద ఇంకొకరి భూస్థాపన ఎక్కుతూ ఉండేది. ఆ టేపుని చూస్తే నాకు ఒళ్ళు మండేది.

రెండు వేల పది డిసెంబరులో చర్ల అవతల ఒక ఊరి నుంచి భూస్థాపన ఆర్డరు వచ్చింది. చనిపోయినాయన పేరు సంసోను, ఆశ్రమ పాఠశాలలో వంటమనిషి. పొయ్యి దగ్గర గుండె పట్టుకుని కూర్చున్నాడట, మళ్ళీ లేవలేదు. అప్పుడు ఆయన భార్య ముత్యాలమ్మ ఖమ్మం దవాఖానాలో ఉంది. కడుపులో గడ్డ తీసి రెండు రోజులే అయింది, కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. మంచం దిగనివ్వలేదు. శవాన్ని మాత్రం ఎన్నాళ్ళుంచుతారు? ఆమె లేకుండానే మట్టి చేశారు. ఆమె చూసుకోవడానికని తీయించిన వీడియో అది.

రెండు నెలల తర్వాత ముత్యాలమ్మ స్టూడియోకి వచ్చింది. బక్కపలచటి మనిషి, తెల్ల చీర, చేతిలో దవాఖానా కాగితాల సంచి.

"బిడ్డా, మా ఆయన వీడియో ఉన్నదా?"

"ఉంది పెద్దమ్మా. పాటలేమేం పెట్టాల్నో చెప్పు, రేపటికల్లా చేసిస్త."

ఆమె కంప్యూటరు వైపు చూసింది. "గీ డబ్బలనే ఉన్నడా?" అని అడిగింది. అవునన్నాను. 

"ఇప్పుడు వద్దు. నాకు ధైర్యం చాలత లేదు. సంవత్సరం కూడికకు చూస్త. అప్పటిదాక జర దాచిపెడ్తవా?"

"నేనుండగా ఏడికీ పోదు పెద్దమ్మా" అన్నాను. ఎంత పొగరుగా అన్నానో నాకింకా గుర్తుంది.

అప్పుడే ఒక డీవీడీ రాసి బీరువాలో పడేస్తే పోయేది. ఎందుకు రాయలేదని నన్ను చాలామంది అడిగారు, నన్ను నేను ఇంకా ఎక్కువసార్లు అడుక్కున్నాను. పాటలు పెట్టి, మంచిగా కోసి, చక్కగా తయారుచేసి ఒకేసారి రాద్దామనుకున్నాను. అది కారణం కాదు, బద్ధకం. ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

బద్ధకానికి తోడు తెలివి కూడా ఉపయోగించాను. మూడు రోజుల నియమం ఉంది కదా, సారు కంట్లో పడితే తీసెయ్యమంటాడు. అందుకని డిసెంబరులోనే ఆ ఫోల్డరుకి పేరు మార్చి 'కిషన్‌లాల్ పెళ్ళి' అని పెట్టాను. కిషన్‌లాల్ మణుగూరు తండా కుర్రాడు, అతని పెళ్ళి మేమే తీశాం. పెళ్ళి పేరుంటే సారు దాని జోలికి రాడని నా నమ్మకం. నిజంగానే పదకొండు నెలలు రాలేదు.

రెండు వేల పదకొండు కార్తీకంలో పెళ్ళిళ్ళు ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. రెండు డిస్కులూ నిండిపోయాయి. సారు విజయవాడ డీలరుకి ఫోన్ చేసి ఐదు వందల జీబీది ఒకటి పంపమన్నాడు. ఎప్పుడూ తెల్లారేసరికి బస్సు పార్సిల్లో వచ్చేది. ఆసారి డీలరు లేదన్నాడు. వారం తర్వాత చేస్తే రేటు రెండింతలైంది, సరుకు మాత్రం లేదన్నాడు. ఇంకో వారానికి ఫోనే ఎత్తలేదు.

"థాయ్‌లాండ్‌ల వరదలంట అక్కా" అన్నాడు జస్టిన్. మా ఊళ్ళో పాడైన కంప్యూటర్లన్నీ బాగుచేసేది అతనే. మా చర్చిలో గిటారు కూడా వాయిస్తాడు. "ప్రపంచానికి హార్డ్ డిస్కులు చాన వరకు ఆడికెల్లే వస్తయంట. ఫ్యాక్టరీలన్నీ నీళ్ళల్ల ఉన్నయ్."

"ఎక్కడో వాన పడితే ఇక్కడ డిస్కు దొరక్కపోవడమేంటయ్యా? డీలర్లు దాచేసుంటారు" అన్నాడు సారు.

ఆ సాయంత్రం టీవీలో చూపించారు. పెద్ద పెద్ద ఫ్యాక్టరీ షెడ్లు, వాటి మధ్య పడవల్లో మనుషులు. ఐదేళ్ళ క్రితం గోదావరి పొంగి మా రోడ్డులోకి వచ్చినప్పుడు సారు కౌంటరు మీద నిలబడి ఆల్బమ్‌లు అటక మీదికి అందించిన మనిషి. నీళ్ళు ఎంత మెల్లగా ఎక్కుతాయో, ఎంత మెల్లగా దిగుతాయో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. "ఇది ఒక నెలలో తేలేది కాదు" అని టీవీ కట్టేశాడు.

నవంబరు మధ్యలో మా పిన్ని కూతురి నిశ్చితార్థానికి నేను రెండు రోజులు ఖమ్మం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి సారు మొహం వెలిగిపోతోంది.

"ఇక హార్డ్ డిస్కు అక్కర్లేదు జెస్సీ! నేనే ఖాళీ చేసేశాను. డెలివరీ కానివన్నీ ఒకదాంట్లోకి సర్ది, రెండోదాన్ని శుభ్రంగా ఫార్మాట్ కొట్టేశాను. అన్నీ ఇచ్చేసిన పెళ్ళిళ్ళే దాంట్లో."

"కిషన్‌లాల్ పెళ్ళి?"

"అదెప్పుడో ఇచ్చేశాంగా."

నేను అరిచిన అరుపుకి పక్కనున్న మెడికల్ షాపాయన పరిగెత్తుకొచ్చాడు. ఏమన్నానో వరసగా గుర్తులేదు. ఎవర్ని అడిగి కొట్టారన్నాను, మీ పట్టింపులూ మీరూ అన్నాను. ఆయన బిత్తరపోయి చూస్తున్నాడు. కిషన్‌లాల్ పేరు కింద ఉన్నది చర్ల భూస్థాపన అని చెప్పాక ఆయనకీ కోపం వచ్చింది.

"చావుని పెళ్ళి పేరు మీద పెట్టావా? నా షాపులో? నాకు చెప్పకుండా?"

"చెప్తే ఉంచనిస్తరా మీరు? మూడు రోజులు దాటితే మీకు నిద్రపట్టదు గదా!"

"తీసుకెళ్ళమని వాళ్ళకి చెప్పాలి! ఏడాదైనా తీసుకెళ్ళని వీడియో ఎవరికి కావాలి?"

"ఆమె ఇంకా చూడలేదు సార్" అన్నాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. "మట్టి చేసేటప్పుడు ఆమె దవాఖానాల ఉన్నది. మొగుణ్ణి పెట్టెల పెట్టింది కూడా చూడలేదు. వచ్చే నెల కూడికకు చూస్త, దాచిపెట్టమన్నది."

ఆయనకి ఈ సంగతి తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. కంప్యూటరు ముందు స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత లేచి, తనే దాని స్విచ్చి తీసేసి, జస్టిన్‌కి ఫోన్ చేశాడు.

జస్టిన్ వచ్చి చూశాడు. "ఫార్మాట్ కొట్టినంక దీని మీద కొత్తది ఏమన్న ఎక్కించిండ్రా సార్?"

"లేదు. రేపు ఎక్కిద్దామనుకున్నా."

"అయితే లోపలే ఉంటది. ఫార్మాట్ కొడితే సామాను పోదు, ఏ సామాను యాడుందో రాసుకున్న కాయితం పోతది, గంతే. దాని మీద కొత్తది పెడితేనే పాతది చెడేది. ముట్టకుండ్రి."

నాకు ప్రాణం లేచొచ్చింది. "ఎప్పుడు తీస్తవ్?"

"తీసుడు పెద్ద పని కాదక్కా. పేర్లు రావు, ఐదొందల జీబీ అంత కుప్పలెక్క వస్తది, అండ్లకెల్లి మనది ఏరుకోవాలె." అని ఆగాడు. "ఆ కుప్ప పొయ్యనీకి గంతే పెద్ద ఖాళీ డిస్కు ఇంకోటి కావాలె."

సారు కౌంటరు మీది స్కూటరు తాళం తీసుకున్నాడు.

ఆ తర్వాత మేము తిరగని చోటు లేదు. ఊళ్ళో నెట్ సెంటర్లలో ఉన్నవన్నీ ఎప్పటివో పాతవి, ఒక పెళ్ళి కూడా పట్టనంత చిన్నవి. మిగతా రెండు స్టూడియోలవాళ్ళు మమ్మల్నే ఎదురడిగారు. సారు స్కూటరు మీద పాల్వంచ, కొత్తగూడెం తిరిగొచ్చాడు. హైదరాబాదులో ఎవరో చుట్టం దుకాణాల వీధంతా నడిచి, డిసెంబరాఖరుకి రావచ్చంటున్నారని చెప్పాడు. కూడిక డిసెంబరు మొదటి ఆదివారం. నేను ప్రార్థనల్లో కూడా హార్డ్ డిస్కు అడగడం మొదలుపెట్టాను. థాయ్‌లాండ్‌లో నీళ్ళు జల్దీ దిగిపోవాలని దేవుణ్ణి అడిగాను. నిజం చెప్పాలంటే అక్కడి మనుషుల కోసం కాదు.

సారు మాత్రం ఆ డిస్కు ముట్టనివ్వలేదు. పెళ్ళిళ్ళు తీస్తూనే ఉన్నాం, కానీ దేన్నీ కంప్యూటర్లోకి ఎక్కించడం లేదు. వాడిన టేపు మళ్ళీ వాడకుండా కొత్తవి కొంటున్నాడు. టేపులు అట్టపెట్టెలో గుట్ట పడుతున్నాయి. పెళ్ళివాళ్ళు వచ్చి అడుగుతుంటే ఒకరికి కరెంటు లేదని, ఒకరికి నాకు జ్వరమని చెబుతున్నాడు. నాకు రెండు వారాల్లో మూడుసార్లు జ్వరం వచ్చింది. ఆయన మీద ఎంత అరిచానో తలుచుకుంటే సిగ్గేసింది, కానీ నోటితో చెప్పలేదు.

చివరికి బూర్గంపాడు పెళ్ళివాళ్ళ దగ్గర ఆయన అబద్ధాలు చెల్లలేదు. పెళ్ళికొడుకు మిలిటరీలో ఉన్నాడు, సోమవారం బండెక్కాలి. "మా ఆమెను ఇప్పుడే తోల్కపోలేను సార్. ఆరు నెలలు ఆ డీవీడీనే చూసుకోవాలె నేను" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే నేనే ఏదో ఒకటి అనేదాన్ని.

అతను వెళ్ళాక సారు నా వైపు తిరిగాడు. "ఎక్కించమని నేను చెప్పనమ్మా. నువ్వే వెళ్ళి ఆవిణ్ణి అడుగు. ఉంచమంటే ఉంచుతాను, ఈ కుర్రాడికి ఏదో ఒకటి చెప్పుకుంటాను. ఆవిడ చెప్పినట్టే చేద్దాం."

శుక్రవారం పొద్దున్న చర్ల బస్సెక్కాను. దుమ్ముగూడెం దాటాక రోడ్డు రోడ్డులా లేదు. చర్లలో దిగి ఆటోలో వెళుతుంటే, నక్సలైట్ల కోసం పెట్టిన క్యాంపు దగ్గర పోలీసులు ఆపి బ్యాగు వెతికారు. బైబిలు, నీళ్ళ సీసా, ఒక బిస్కెట్ పాకెట్టు. ఎక్కడికి, ఎందుకు అని అడిగారు. వీడియో పోయిందని చెప్పడానికి అన్నాను. వాళ్ళకి అర్థం కాలేదు, పొమ్మన్నారు.

ముత్యాలమ్మ ఇంటి ముందు చాప మీద కూర్చుని ఆదివారం వంటకి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నన్ను చూడగానే మొహం విప్పారింది. "తెచ్చినవా బిడ్డా?" అంది.

బస్సులో మూడు గంటలు అనుకున్న మాటలన్నీ ఆ ఒక్క ప్రశ్నకి ఎగిరిపోయాయి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. నా బద్ధకం, నేను పెట్టిన దొంగ పేరు, సారు తుడిచెయ్యడం, ఖాళీ డిస్కు దొరికితే తిరిగి తీయొచ్చని, అది ఎందుకు దొరకడం లేదో, మిలిటరీ కుర్రాడి సంగతి, అన్నీ. ఆమె చేట పక్కన పెట్టి విన్నది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఆ దేశంల మనుషులు మస్తుగ పోయిండ్రా బిడ్డా?" అని అడిగింది.

నెల రోజులుగా థాయ్‌లాండ్ పేరు ఎత్తని రోజు లేదు. రేటు అడిగాం, స్టాకు అడిగాం, నీళ్ళెప్పుడు తగ్గుతాయని అడిగాం. ఈ మాట మాత్రం మాలో ఒక్కరూ అడగలేదు. "చాలామందే పోయారు పెద్దమ్మా. వందల్లో" అన్నాను. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదిపింది. నేను తలెత్తలేకపోయాను.

తర్వాత ఆమె అంది, "నువ్వు చూసినవా ఆ వీడియో?"

"చూసిన. కంప్యూటర్ల ఎక్కించేటప్పుడు మొత్తం చూడాలె గదా."

"అయితే చెప్పు. నువ్వు చూసింది నాకు చెప్పు."

ఎన్ని పెళ్ళిళ్ళు కోసినా నాకు టేపులు వరసగా గుర్తుంటాయి, అది ఈ పనిలో వచ్చే జబ్బు. చెప్పడం మొదలుపెట్టాను. పెట్టె నల్ల రంగుది, మూత మీద తెల్ల సిలువ. తెల్ల లుంగీ, తెల్ల చొక్కా వేశారు. చొక్కా పై గుండీ పెట్టి ఉంది. "ఆయన ఎన్నడు పెట్టుకోకపోవు, మెడకు ఉరి పెట్టినట్టుంటదనేటోడు" అని ముత్యాలమ్మ గొణిగింది. ఆశ్రమ పాఠశాల పిల్లలు యూనిఫారాల్లో వచ్చారు. కడసారి చూడ్డానికి, అన్నానికి నిలబడ్డట్టే లైన్లో నిలబడ్డారు. ఒక చిన్నోడు పెట్టె దగ్గరికొచ్చి, "సారూ, రేపు ఎవరు వండుతరు?" అని పక్కనున్న మాస్టర్ని అడిగాడు, అది మైకులో పడింది. పాస్టరుగారు పాట ఎత్తుకున్నారు. మొదటి చరణం అందరూ పాడారు, రెండోది ఎవరికీ రాలేదు, మళ్ళీ మొదటిదే పాడారు.

"రెండోది ఆయనకే వచ్చు" అంది ముత్యాలమ్మ. ఆమె ఏడుస్తోంది, కానీ ఆపమనలేదు.

గోతిలోకి దించడం చెప్పాను. తాళ్ళు పట్టినవాళ్ళెవరో గుర్తున్నంతవరకు చెప్పాను, ఎర్ర తువ్వాల ఆయన, పొట్టి మీసాలాయన అని. ఆమె వాళ్ళ పేర్లు చెబుతూ వచ్చింది. తర్వాత అందరూ తలా పిడికెడు మట్టి వేశారు.

"అంతేనా?"

"అంతే పెద్దమ్మా. ఆ తర్వాత ఒక ఎనిమిది నిమిషాలు వేస్ట్ ఉంటది. భద్రు కెమెరా స్టాండుకు పెట్టి, బంద్ చెయ్యడం మర్చిపోయి నీళ్ళు తాగనీకి పోయిండు. కెమెరా పక్కకు తిరిగి ఉన్నది, గోతి కనబడది. మట్టి పోస్తున్న చప్పుడు వస్తుంటది. అటు పక్క ఒక ట్రాక్టరు, ఇప్ప చెట్టు, ఒక మనిషి తిరుగుడు కనబడతది. మిక్సింగుల అది తీసేసేదాన్ని."

"ఎవరు ఆ మనిషి?"

"నీలం చొక్కా. ముందు పెట్టె మోసినోళ్ళల్ల ఉన్నడు. వేలికి ఉంగరం. చెవి దగ్గర మచ్చ."

ముత్యాలమ్మ ఏడుపు ఆగిపోయింది. "ఏం చేస్తున్నడు?"

"చేతిల సెల్ ఫోన్ ఉన్నది. పైకెత్తి పట్టుకొని అటు ఇటు తిరుగుతున్నడు. మధ్య మధ్య చెవికి పెట్టుకుంటున్నడు, మళ్ళ ఎత్తుతున్నడు. ట్రాక్టరు ట్రాలీ ఎక్కిండు. ఆడ కూడ సిగ్నల్ దొరకలేదేమో, ఇంజను మీదికెక్కిండు. దిగి, చెప్పులిడిసి ఇప్ప చెట్టెక్కిండు. కొమ్మకు పట్టి చొక్కా చినిగింది. ఎవరో కేకేస్తున్నరు, 'వచ్చి మట్టి వెయ్యరా, అయిపోతున్నది' అని. 'ఒక్క నిమిషం, ఒక్క నిమిషం' అంటున్నడు చెట్టు మీదికెల్లి. దిగొచ్చేసరికి మట్టి పోసుడు అయిపోయింది. చేతిల ఫోను పట్టుకొని అట్లనే నిలబడ్డడు. అప్పటికి భద్రు వచ్చి బంద్ చేసిండు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని చెప్పింది. ఆ నీలం చొక్కా ఆమె ఒక్కగానొక్క కొడుకు సుకుమార్. పాల్వంచ థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పని. ఆ రోజు పొద్దున్న దవాఖానాకి ఫోన్ చేసి తండ్రి పోయిన సంగతి చెప్పింది అతనే. మట్టి చేసేటప్పుడు ఫోన్ కలిపి గోతి దగ్గర పట్టుకో, ప్రార్థనన్నా వింటానని ఆమె అడిగింది. సరేనన్నాడు. ఆమె పొద్దున్నుంచి చీకటిపడేదాకా చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని పడుకుంది. అది మోగలేదు.

"సిగ్నల్ రాలేదే అన్నడు. ఊళ్ళె అందరి ఫోన్లు మోగుతుండె, వీని ఒక్కనికే సిగ్నల్ లేదా అనుకున్న. తాగి మర్చిపోయిండనుకున్న, పెండ్లాం వద్దన్నదనుకున్న. సంవత్సరమైంది వానితోని మాట్లాడక. ఆ వీడియో చూస్తే వాడు ఆడ ఏం చేస్తున్నడో కనబడతది గదా బిడ్డా. నా కొడుకు నన్ను మర్చిపోయింది కండ్లార చూడాలె గదా. గందుకే భయపడ్డ. గందుకే వాయిదా ఏసుకుంట వచ్చిన."

పాటలు పెట్టి చక్కగా చేసి ఇచ్చుంటే ఆ ఎనిమిది నిమిషాలు నేనే కోసి పారేసేదాన్ని కదా అన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

"ఆ పిలగాని పెండ్లి ఎక్కించుకో బిడ్డా" అంది ఆమె. "నేను చూసిన."

"పెద్దమ్మా, నెలాఖరుకు డిస్కు రావచ్చు, ఆగుదాం..."

"చూసిన అంటున్న గదా" అంది. మర్నాడు పొద్దున్నే ఆ డిస్కు మీద మిలిటరీ పెళ్ళి ఎక్కించింది నేనే, పక్కన సారు నిలబడి ఉన్నాడు. ఆదివారం సాయంత్రానికి డీవీడీ ఇచ్చేశాం.

ఆ శుక్రవారం మాత్రం, ఆ మాట అనేసి ముత్యాలమ్మ లేచి లోపలికి వెళ్ళింది. పళ్ళెంలో అన్నం, పప్పు, ఒక మామిడికాయ ముక్క వేసి పైన ఇంకో పళ్ళెం మూసింది. నా చేతికి నీళ్ళ చెంబు ఇచ్చి రమ్మంది. బొందలగడ్డ ఊరి చివర, పోడు చేను దాటాక. అక్కడ ఒకతను ఎండలో గొంతుక్కూర్చుని తండ్రి సమాధికి సిమెంటు పూస్తున్నాడు. ఆదివారానికల్లా పూర్తి చెయ్యాలని సెలవు పెట్టి వచ్చాడట. మూడు రోజులుగా తల్లి ఇంట్లో ఉంటే అతను ఇక్కడ ఉంటున్నాడు, ఇక్కడికి అతని అన్నం పక్కింటివాళ్ళ చేత పంపుతోందట.

మా అడుగుల చప్పుడుకి తలెత్తి చూశాడు. తల్లిని చూసి లేచి నిలబడ్డాడు, చేతిలో తాపీ అలాగే ఉంది. చెవి దగ్గర మచ్చ.

ఆమె సమాధి పక్కన నీడలో పళ్ళెం పెట్టింది. కొంగుతో దుమ్ము దులిపింది. అతని వైపు చూడకుండానే అడిగింది.

"ఆ నీలం చొక్కా ఏం చేసినవ్ రా?"

సుకుమార్‌కి అర్థం కాలేదు. నా వైపు చూశాడు, మళ్ళీ తల్లి వైపు చూశాడు. "ఏ చొక్కా అమ్మా?"

"మీ నాయినను మట్టి చేసిన్నాడు ఏసుకున్నది."

"చినిగిపోయింది. పారేసిన" అన్నాడు మెల్లగా.

"నాకిస్తే కుట్టకపోదునా రా" అంది ముత్యాలమ్మ. అతను తాపీ వదిలేసి, సిమెంటు చేతులతోనే వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. నేను చెంబు అక్కడ పెట్టి, ఆటో కోసం ఊళ్ళోకి నడిచాను.